గోరువంకలు దాచిన మాటలు

పిల్లలూ, అడవికి ఆనుకుని ఇంద్రవేణి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చింది. అక్కడ తల్లిదండ్రులకు తమ బిడ్డల మాట వినిపించేది కాదు. ఎదురింటి పిల్లవాడు గుసగుసలాడినా వినిపించేది. కన్నబిడ్డ మాత్రం చెవిలో నోరు పెట్టి అరిచినా పెదవులు కదలడమే కనిపించేది. ఆకలేస్తే పిల్లలు పక్కింటికి వెళ్ళి చెప్పుకునేవారు. "మీ వాడికి కడుపు నొప్పట, చూసుకో" అని పక్కింటివాళ్ళు వచ్చి చెబితే తప్ప తల్లికి తెలిసేది కాదు. కొన్నాళ్ళకు పక్కింటివాళ్ళకూ విసుగొచ్చింది.

"అడవిలో ఉన్న ధూమ్రకర్ణుడనే రాక్షసుడు మనల్ని శపించాడు. మన ఖర్మ, ఏం చేస్తాం?" అనేవారు పెద్దలు. పిల్లలు అదే నమ్మారు.

ఆ రాజ్యంలో ఒక కొండవాలున చిన్నపిల్లల బడి ఉండేది. చైత్రమాసం రాగానే ఆ బడిలో వసంతోత్సవం జరిగేది. పిల్లలు మామిడి తోరణాలు కట్టి, చాపలు పరిచేవారు. అమ్మలూ నాన్నలూ తాతమ్మలూ వచ్చి కూర్చునేవారు. ఆ ఏడు బడిలో ఏమేం జరిగిందో పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పేవారు. ఎవరికి ఎక్కాలు వచ్చాయి, ఎవరి పన్ను ఊడింది, ఎవరు నాటిన బీరపాదు కాయ కాసింది, అన్నీ చెప్పేవారు. శాపం తగిలిన మొదటి ఏడు పెద్దలు వచ్చారు కానీ, కదిలే పెదవులను చూస్తూ ఆవులించారు. మరుసటి ఏడు కొద్దిమందే వచ్చారు. ఏటేటా తగ్గి తగ్గి, చివరికి ఒక ఏడు ఒక్కరూ రాలేదు. సాయంత్రం దాకా చూసి, గురువు శ్రీకంఠుడు తనే చాపలు చుట్టాడు.

ఆ పిల్లల్లో అలివేణి, ఆమె తమ్ముడు సోముడు కూడా ఉన్నారు. వాళ్ళ నాన్నను చాలా కాలం కిందట అడవిలో పులి పొట్టన పెట్టుకుంది. తల్లి ముత్యాలు ఇప్పపూలు ఏరి, ఎండబెట్టి అమ్మి పిల్లల్ని సాకేది. ఇప్పచెట్టు వసంతంలోనే పూస్తుంది కదా, ఆ రాజ్యంలో మాత్రం కొన్నేళ్ళుగా ఏడాది పొడవునా విరగబూస్తోంది. అందరి ఇళ్ళూ గాదెలూ నిండాయి. ఎవరికీ క్షణం తీరిక లేదు.

ఉత్సవం జరగని ఆ సాయంత్రం సోముడు అక్కకంటే ముందు ఇంటిదారి పట్టాడు. తల్లి పాత రాతిగని దగ్గర పూలు ఆరబోస్తోంది. నేర్చుకున్న పద్యం అమ్మకు చెప్పాలని, చేతిలో తోరణం ముక్కతో పరిగెత్తి, కాలుజారి నీళ్ళు నిండిన గోతిలో పడ్డాడు. "అమ్మా!" అని అరిచాడు. ముత్యాలు అటు వీపు పెట్టి పూలలో పుల్లలు ఏరుతోంది. అలివేణి వచ్చేసరికి నీళ్ళమీద ఒక తోరణం ముక్క మాత్రమే తేలుతోంది.

ఆ వారంలోనే రాజు సుధన్వుడు ఒక ఆజ్ఞ పంపాడు: 'ఎవరూ రాని బడి ఎందుకు? చైత్రం దాటగానే తలుపులు మూసేయండి.'

శ్రీకంఠుడు ఆజ్ఞ చదివి పిల్లల ముఖాలు చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు. అలివేణి ఆ పూటే ఒక మూటలో అటుకులు కట్టుకుంది. వాకిట్లో పూలు చెరుగుతున్న తల్లి ఎదుట నిలబడి, "అమ్మా, శాపం విడిపించడానికి పోతున్నాను" అంది. ముత్యాలు తలెత్తలేదు. తమ్ముడు పోయాక ఆమె ఎవరి ముఖమూ చూడడం లేదు. అలివేణి కాసేపు నిలబడి, అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో ఒక వెదురుపొద పక్కన ముసలి ముని కట్టెలు విరుచుకుంటున్నాడు.

"ఎవరు పంపారమ్మా నిన్ను?" అని అడిగాడు.

"ఎవరూ పంపలేదు, స్వామీ."

"మీ రాజ్యంలో పెద్దవాళ్ళు లేరా?"

"ఉన్నారు. ఇప్పపూలు ఏరుకుంటున్నారు."

ముని చేతిలోని కట్టె కింద పెట్టాడు. "ఈ దారిన మొదట ముళ్ళకోన వస్తుంది. దాని తరవాత పిలుపుల లోయ. ఆ లోయలో నీకు ప్రియమైన గొంతు వెనకనుంచి పిలుస్తుంది. తిరిగి చూశావా, రాయివైపోతావు. అది దాటితే రాక్షసుడి గుహ. పిల్లా, ఆ రాక్షసుడికి నువ్వు భయపడనక్కరలేదు. అతను చెప్పే నిజానికి గుండె దిటవు చేసుకో."

"ఆ నిజమేదో మీరే చెప్పండి."

"నేను చెబితే నువ్వు నమ్మవు తల్లీ" అన్నాడు ముని, మళ్ళీ కట్టెలు అందుకుంటూ.

ముళ్ళకోనలో అడుగు పెట్టే సందు లేదు. అలివేణి దాని అంచునే నడుస్తుంటే సన్నగా ఏడుపు వినిపించింది. రెండు బండల నడుమ ఒక ఎలుగుపిల్ల ఇరుక్కుంది. ఆమె ఒక లావుపాటి కొమ్మను బండ కింద దూర్చి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. అరచేతులు చీరుకుపోయాయి కానీ బండ కదిలింది, పిల్ల బయటపడింది. అంతలో పొదలు విరుచుకుంటూ, నురగలు కక్కుతూ తల్లి ఎలుగు వచ్చి పిల్లను ఒళ్ళంతా నాకింది.

"నీ మేలు మరవను" అంది ఎలుగు మనిషిలా. "అదిగో, ఆ కొండ అవతల తేనె తింటున్నాను. దీని ఏడుపు విని పరిగెత్తుకొచ్చాను. నువ్వు ఒంటరిగా ఎక్కడికి బయలుదేరావు?"

అలివేణి జరిగినదంతా చెప్పింది. ఎలుగు ఆశ్చర్యపోయింది. "అంత దగ్గర్లో ఉండి మీ అమ్మకు వినిపించలేదా?"

అది అలివేణిని వీపున ఎక్కించుకుని, దట్టమైన బొచ్చుతో ముళ్ళను తోసుకుంటూ కోన దాటించింది.

పిలుపుల లోయలో గాలి కూడా వీచదు. అలివేణి లోయ సగం దాటిందో లేదో, "అలివేణీ! ఆగవే తల్లీ!" అని వెనకనుంచి ముత్యాలు గొంతు వినిపించింది. అదే జీర, అదే ఆయాసం. "నీకోసం అడవంతా తిరిగాను. ఇంటికి పోదాం రా. నాకింకెవరున్నారే?"

అలివేణి కాళ్ళు ఆగిపోయాయి. మెడ తిరగబోయింది. ముందుకే చూస్తూ, "అమ్మా, నా మాట నీకు వినిపిస్తోందా?" అని అడిగింది.

"ఎందుకు వినిపించదమ్మా? ప్రతి మాటా వినిపిస్తోంది."

అప్పుడు అలివేణికి తెలిసిపోయింది, అది తన తల్లి కాదని. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని పరిగెత్తింది. ఆ గొంతు లోయ చివరిదాకా ఎంతో ప్రేమగా పిలుస్తూనే వచ్చింది. అలివేణి ఏడుస్తూనే లోయ దాటింది.

గుహ ముందు ధూమ్రకర్ణుడు కూర్చుని ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి, చేటలంత చెవులు. అలివేణి అతని ఎదుట నిలబడి, "మా రాజ్యానికి శాపం ఎందుకు పెట్టావు?" అని నిలదీసింది.

"శాపమా?" రాక్షసుడు నవ్వబోయి మానేశాడు. "వాళ్ళు మీకలా చెప్పారా? లోపలికి రా."

గుహ నిండా ఎండుకొమ్మలు, కొమ్మకొమ్మకూ గోరువంకలు. వాటికి అడ్డంగా ఒక తీగల తలుపు ఉంది. ఆ పక్షులన్నీ పిల్లల గొంతులతో మాట్లాడుతున్నాయి.

"అమ్మా, నాకు ఏడో ఎక్కం వచ్చేసింది." "నాన్నా, నా పన్ను ఊడింది, ఇదిగో." "అమ్మా, ఇవాళ బడిలో నన్ను కొట్టారే." "నాన్నా, ఎల్లుండి వసంతోత్సవం, వస్తావా?"

"నాకు ఎవరూ లేరు" అన్నాడు ధూమ్రకర్ణుడు. "ఈ కొండల్లో నన్ను పిలిచే గొంతు లేదు. కరువొచ్చిన ఏడు మీ రాజు నా దగ్గరికి వచ్చాడు, ఇప్పచెట్లు ఎల్లకాలం పూసేలా చెయ్యమన్నాడు. మీ పిల్లలు మీతో చెప్పే మాటలు నాకిచ్చెయ్యండి, చేస్తాను అన్నాను. వినడానికి తీరిక లేని మాటలే కదా, పోతే పోనీ అని రాజు ముందు తన కూతురి మాట ఇచ్చాడు. తరవాత ఒక్కొక్క ఇంటివాళ్ళూ వచ్చి ఇచ్చారు. కొందరు నవ్వుతూ ఇచ్చారు."

"మా అమ్మ ఇవ్వలేదు!" అని అరిచింది అలివేణి.

"మీ అమ్మ ఏడుస్తూ వచ్చింది" అన్నాడు రాక్షసుడు. "ఏడుస్తూనే ఇచ్చింది."

అలివేణి నేల మీద కూలబడింది. తలెత్తేసరికి ఎదురుగా కొమ్మమీద ఒక గోరువంక తన గొంతుతోనే మాట్లాడుతోంది. వినిపించదని తెలిసీ రోజూ తల్లికి చెప్పిన బడి కబుర్లన్నీ అది ఒకదాని వెంట ఒకటి చెబుతోంది. దాని పక్కన చిన్న గోరువంక ముడుచుకుని కూర్చుంది. అది ముక్కు తెరిచి, "అమ్మా!" అని అరిచింది. నీళ్ళు మింగుతూ మరోసారి, "అమ్మా!" అని అరిచింది.

"ఆ కేక నాకు వినిపించింది" అన్నాడు ధూమ్రకర్ణుడు తల వంచుకుని. "అడవి పొలిమేర దాకా పరిగెత్తాను. అది దాటే వరం నాకు లేదు. అక్కడే నిలబడిపోయాను."

అలివేణి కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. "ఈ పక్షుల్ని విడిపించాలంటే ఏం చెయ్యాలి?"

"ఆ తలుపు తెరిస్తే చాలు. దానికి గడియ లేదు. ఇచ్చినవాళ్ళు వచ్చినా, వాళ్ళ బిడ్డలు వచ్చినా తెరవవచ్చు. నేను అడ్డుపడను, అది మా ఒప్పందం. ఇన్నేళ్ళలో ఒక్కరూ రాలేదు."

ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. "ఈ చిన్నదాన్ని నాకిచ్చెయ్యి. నా దగ్గరే ఉంచుకుంటాను. ఆ కేక మా అమ్మ వింటే తట్టుకోలేదు."

"ఒక్కటి ఆగినా ఏ ఒక్కటీ ఎగరదు" అన్నాడు రాక్షసుడు.

తన అమ్మ ఒక్కతె ఒకవైపు, రాజ్యంలోని పిల్లలందరూ ఒకవైపు. అలివేణికి తల్లిమీద కోపం ఉంది, ఆ కోపంతో చేస్తున్నానేమోనని భయం కూడా ఉంది. రేపు ఇంకో గోతిలో ఇంకో పిల్లవాడు పడతాడు, అనుకుంది. కళ్ళు మూసుకుని తలుపు తెరిచింది.

గోరువంకలన్నీ మబ్బులా లేచి వెళ్ళిపోయాయి. గుహలో నిశ్శబ్దం మిగిలింది. ధూమ్రకర్ణుడు అలివేణిని భుజాన ఎక్కించుకుని, లోయనూ కోననూ నాలుగు అంగల్లో దాటి అడవి పొలిమేరలో దించాడు. "ఎప్పుడైనా ఇటు వస్తే ఒక మాట చెప్పిపో" అన్నాడు. ఆమె తల ఊపింది, వస్తానని మాత్రం అనలేదు.

ఊళ్ళో ఎక్కడ చూసినా ఏడుపులే. ప్రతి తల్లి భుజం మీదా, ప్రతి తండ్రి భుజం మీదా పక్షి వాలి, ఇన్నేళ్ళ మాటలూ ఒక్కసారిగా చెబుతోంది. రాజుగారి పక్షి ఒకే మాట చెప్పింది: "నాన్నగారూ, ఒక్కసారి ఇటు చూడండి." ఎన్ని గంటలు చెప్పినా అదే మాట. చెప్పడం ముగించాక పక్షులు ఎగిరిపోయాయి, పిల్లల గొంతులు తిరిగి వినిపించాయి. అదే రోజు ఇప్పచెట్లు అకాలపు పూతంతా రాల్చేశాయి. పిల్లల్ని కౌగిలించుకుని ఏడ్చినవాళ్ళు చాలామంది. "ఈ పిల్ల మా నోటికాడి కూడు పడగొట్టింది" అని అడవినుంచి వస్తున్న అలివేణి కేసి మన్ను విసిరినవాళ్ళూ ఉన్నారు.

ముత్యాలు ఇంట్లో లేదు. అలివేణి వెతికి వెతికి రాతిగని దగ్గరికి వెళ్ళింది. తల్లి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, "వస్తున్నా నాయనా, వస్తున్నా" అంటోంది. అలివేణి ఆమె చెయ్యి పట్టుకుని గట్టుకు తెచ్చింది.

"నేనే ఇచ్చానని ఆ రాక్షసుడు చెప్పాడా?" అని అడిగింది ముత్యాలు.

"చెప్పాడు."

"మీరిద్దరూ ఆకలికి మన్ను తింటుంటే చూడలేకపోయాను తల్లీ."

"నాకు ఆ ఆకలి గుర్తు లేదమ్మా" అంది అలివేణి. "తమ్ముడు గుర్తున్నాడు."

తల్లి ఆ మాట స్పష్టంగా విన్నది.

రాజు సుధన్వుడు అలివేణిని సభకు పిలిపించి, సగం రాజ్యం ఇస్తానన్నాడు. "నాకు రాజ్యం వద్దు ప్రభూ. చైత్రం దాటకముందే బడిలో ఉత్సవం పెట్టించండి. మీరూ వచ్చి చాపమీద కూర్చోండి" అంది అలివేణి. రాజు సరేనన్నాడు. ఆ రోజు ఎవరూ పనిలోకి పోకూడదని చాటింపు వేయించాడు. బడి మూయమన్న ఆజ్ఞను రద్దు చేశాడు. ఉత్సవం రోజున తన కూతురు పద్యం తప్పు చదివినా, మళ్ళీ మొదటినుంచి చదువుతుంటే కదలకుండా విన్నాడు. ముత్యాలు అందరికంటే ముందు వచ్చి, పిల్లలందరూ చెప్పేదాకా కూర్చుంది. తన వంతు రాగానే అలివేణి లేచి, "ఈ ఏడు మా బడిలో ఒకరు తగ్గారు" అని మాత్రం చెప్పి కూర్చుంది.

ఏళ్ళు గడిచాక అలివేణి ఆ బడికే గురువైంది. రాజు కూతురు రాణి అయ్యాక, ఏ పనికైనా అలివేణి సలహా అడిగేది. కానీ అదంతా చాలా తరవాతి మాట. ఆ వసంతం వెళ్ళాక తల్లీకూతుళ్ళ ఇంట్లో ఎన్నో నెలలు మాటలు లేవు. వినే చెవులు వచ్చాయి కానీ, చెప్పాల్సిన పిల్లకు నోరు రాలేదు. ముత్యాలు రోజూ బడి వదిలే వేళకు వాకిట్లో నిలబడేది. అలివేణి తల వంచుకుని పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయేది. ముత్యాలు ఒక్కనాడూ బలవంతం చెయ్యలేదు.

వర్షాలు వెనకబట్టిన ఒక సాయంత్రం, పొయ్యి మీద ఉన్న గుప్పెడు గింజలూ ఉడుకుతున్నాయి. అలివేణి వచ్చి గోడవారగా కూర్చుంది. కాసేపు గోళ్ళు గిల్లుకుంది. "అమ్మా, ఇవాళ బడిలో ఏమైందో తెలుసా?" అంది.

ముత్యాలు గరిటె వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. అలివేణి చెప్పసాగింది. అడుగంటిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ పూటకు ఇంట్లో ఉన్న తిండి అదే. అయినా ముత్యాలు లేవలేదు.