కదలని ఫోటో ఒక్కటైనా

పురుషోత్తమ్‌కు చింతామణిలో ఫోటో స్టూడియో. ఊరందరి పెళ్ళిళ్ళకూ ఫోటోలు తీసినవాడు, ఐదేళ్ళ కూతురు నయనది మాత్రం ఒక్కటీ సరిగ్గా తీయలేకపోయాడు. ఒకచోట నిలిచే పిల్ల కాదు. ఏ ఫోటో చూసినా మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక.

2006 వానాకాలంలో కొత్త లెన్సు కొన్నాడు. చెయ్యి వణికినా తనే సర్దుకునే స్టెబిలైజర్ లెన్సు. ఇక ట్రైపాడ్ మోసే పని తప్పిందని అతను సంబరపడితే, భార్య మంజుశ్రీ నవ్వింది.

"నీ చెయ్యి వణికేది ఆపుతుందేమో. నీ కూతురు గంతులేసేది ఆపుతుందా?"

ఆ లెన్సుతో ఒక్క ఫోటో అయినా తీయకముందే నయనకు జ్వరం తగులుకుంది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రి నుంచి పిల్లను గుడ్డలో చుట్టి సొంతూరు బట్లహళ్ళిలోని ఇంటికి తెచ్చారు.

మధ్యాహ్నమే అయినా ముసురుకు ఇల్లంతా చీకటి. కరెంటు లేదు. నడవలో చాప మీద నయన, తల దగ్గర దీపం. కాలిన వత్తి వాసన, తడిసిన చేమంతుల వాసన. చూరు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. పిల్ల తాత మునివెంకటప్ప గుంత తవ్వించడానికి తోటకు పోయాడు.

మంజుశ్రీ ఏడవడం లేదు. గోడకు ఆనుకుని మెల్లగా అంది.

"ఒక్క ఫోటో తియ్యప్పా. ఇప్పుడు కదలదు కదా."

అతను కెమెరా అందుకున్నాడు.

"ఫ్లాష్ వద్దు. దాని కండ్లకు పడదు."

ఫ్లాష్ లేకపోతే ఆ చీకట్లో షట్టరు చాలాసేపు తెరిచి ఉండాలి. ఊపిరి బిగబట్టి నొక్కాడు. తెర మీద మొహం మసక. నా చేతులే, అనుకున్నాడు. ఇవాళ్టి వణుకును ఏ లెన్సు ఆపగలదు?

ట్రైపాడ్ తెచ్చి బిగించాడు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజరే బొమ్మను చెడగొడుతుందని దాన్నీ ఆపేశాడు. టైమరు పెట్టి దూరంగా నిలబడ్డాడు.

టిక్...

చాప పుల్లలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. చేమంతి రేకులు, దీపపు కుందె మీది నూనె మరక, అన్నీ స్పష్టం. నయన మొహం మాత్రం... మసక.

మళ్ళీ తీశాడు. మళ్ళీ... ప్రతిసారీ ఆ మసక కాస్త పక్కకు జరిగింది. అమ్మ కూర్చున్న వైపుకు.

కెమెరా వదిలేసి పిల్ల పక్కన కూలబడ్డాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. గుండెకు చెవి ఆనించాడు. ఒళ్ళు చల్లగా ఉంది. ఊరి డాక్టరును వాన్లోనే పిలుచుకొచ్చాడు. ఆయన నాడి చూసి, రెప్ప ఎత్తి చూసి, తల దించుకున్నాడు.

"పోయి చానా సేపయిందప్పా. గుండె దిటవు చేసుకో."

ఫోటోలు మంజుశ్రీకి చూపించలేదు. ఆమె చూపమనీ అడగలేదు.

"కదిలింది గదా?" అని గుసగుసగా అంది, అంతే.

అతను కెమెరా ఆపేసి సంచిలో పెట్టాడు.

పొద్దు వాలకముందే మునివెంకటప్ప మనవరాలిని చేతుల మీద మోసుకుపోయాడు. మొదటి పిడికెడు మన్ను పురుషోత్తమే వేశాడు. గుంత పూడేదాకా అక్కడే నిలబడి చూశాడు.

తిరిగి వచ్చేసరికి నడవలో మంజుశ్రీ ఒక్కతే కాళ్ళు చాపుకుని కూర్చుని జోకొడుతూ ఉంది.

"మంజూ... లెయ్. నీళ్ళు పోసుకుందువు."

"మెల్లగా మాట్లాడు," అంది. "ఇప్పుడే పండుకునింది."

దుఃఖంలో మతి చలించిందనుకున్నాడు. లేపుదామని వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు.

ఆమె చెయ్యి ఒడి దాకా దిగడం లేదు. జానెడు పైనే, దేనికో తగిలి మెత్తగా ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ, తడి గుడ్డ మీద తట్టినట్టు... చిన్న చప్పుడు.