ఇరవైనాలుగు గంటలు ఆగాల్సిన పన్ను

"నోరు ఇంకా తెరు క్లెమెంటూ. శత్రువుల మధ్యకి ఎళ్ళేవోడివి, నా డ్రిల్లుకి బయపడతావేటి?"

ఏజెంట్ క్లెమెంట్ చేతులు కుర్చీని వదల్లేదు. 1997 మార్చి. రాయగడలోని ఆ పళ్ళ క్లినిక్ బోర్డు వెనక పనిచేసేది నిఘా విభాగం. డాక్టర్ ప్రేమలీల అందులో పాతికేళ్ళ సర్వీసు మనిషి.

కుడి దవడ పన్నులో బియ్యపుగింజంత ట్రాన్స్‌మిటర్, వెంట్రుకంత తీగ. పైన అమాల్గం అనే లోహపు ఫిల్లింగ్. అది పగిలితే తీగ తెగుతుంది. తీగ తెగితే ముఠా గోడౌన్ సందు చివర పోలీసు జీపులో ఎర్రలైటు వెలుగుతుంది.

"పూర్తిగా గట్టిపడ్డానికి ఇరవైనాలుగు గంటలు. ఈ పూట సగం బలమే. నిలువుగా నొక్కితే ఓర్సుకుంటాది. దవడ పక్కకి తిప్పేవా, ఇరిగిపోద్ది."

"ఎడమవైపు నములుతాను డాక్టరమ్మా."

"సచ్చేవే. రఘుకి ఎడమపక్క పళ్ళు లేవని ఆళ్ళకి తెలుసు."

రఘు విమాన రహస్యాలు అమ్మే ముఠాకి కొరియర్. సునాబెడ యుద్ధవిమానాల ఫ్యాక్టరీ ఇంజన్ డ్రాయింగులతో బస్సులో దొరికిపోయాడు. అతని బదులు ఆ డ్రాయింగులతో క్లెమెంట్ వెళ్ళాలి. గోడౌన్ షావుకారు రఘు మొహం చూడలేదు, ఆనవాళ్ళే విన్నాడు. మూడింటికి ముఠా నాయకుడు, విదేశీయుడు విక్టర్ అక్కడికి వస్తాడు. సిగ్నల్ ముందే వెళితే విక్టర్ తప్పించుకుంటాడు. క్లెమెంట్ ప్రాణాలతో మిగలడు.

రెండున్నరకు మల్లేశ్వరరావు గోడౌన్‌లో చింతపండు బస్తాల మధ్య కూర్చున్నాడు. షావుకారు పళ్ళెం ముందుకు తోశాడు.

"మా ఎర్రమ్మ సేసిన చెగోడీలు. మా కాడ ఎంగిలిపడకుండా ఎవుడూ పని మాటాడడు. తిను రఘూ."

చెగోడీ గాజుగాజులా గట్టిగా ఉంది. క్లెమెంట్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఏటి, కుడిపక్క కూడా పోయిందేటి?" షావుకారు నవ్వు సన్నబడింది. చెయ్యి బస్తా వెనక్కి వెళ్ళింది.

అప్పుడే టీ ట్రేతో మనీష వచ్చింది. ఎర్రచీర, నల్లకళ్ళద్దాలు. విక్టర్ మనిషని ఊరంతా గుసగుసలాడుకునే అందగత్తె.

"జేకేపూర్ కాగితం మిల్లు వాసన ఇటు తిరిగింది బాబాయ్," అంటూ చెగోడీని టీలో ముంచింది. "నానితే గాని నా పళ్ళకీ లొంగవివి."

జేకేపూర్ వాసన నిఘా విభాగం కోడ్. మనీష మన మనిషే.

క్లెమెంట్ కూడా ముంచాడు. కుడివైపు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిలువుగా నొక్కాడు. ఫిల్లింగ్ నిలిచింది. షావుకారు చెయ్యి ఒళ్ళోకి తిరిగొచ్చింది.

మూడింటికి విక్టర్ వచ్చాడు. డ్రాయింగుల వైపు చూడలేదు. క్లెమెంట్ మొహం వైపు చూశాడు.

"దిస్ ఈజ్ నాట్ రఘు."

పిస్తోలు బయటికొచ్చింది. క్లెమెంట్ పళ్ళెంలోంచి పొడి చెగోడీ లాక్కుని కొరికాడు. దవడ పక్కకి తిప్పాడు. టక్‌మంది. నోటినిండా లోహం రుచి.

విక్టర్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. మనీష మరిగే టీ అతని మణికట్టు మీద కుమ్మరించింది. గుండు చింతపండు బస్తాలో దిగింది. తలుపు విరగ్గొట్టుకుని పోలీసులు లోపలికొచ్చారు.

సాయంత్రం ప్రేమలీల అతని నోట్లోకి లైటు వేసి నిట్టూర్చింది. "రేపటిదాకా ఆగమన్నానా లేదా?"

ఆమె మళ్ళీ డ్రిల్లు అందుకుంది. క్లెమెంట్‌కి ఆ గోడౌనే నయమనిపించింది.