ఐదో చప్పుడు

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అయింది. పిచ్చుక తన ఎడమకాలి చెప్పును కడిగి, తుడిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టింది. తర్వాత ఫ్రిజ్ స్విచ్ ఆపేసింది.

ఫ్రిజ్‌లో చెప్పేమిటని నవ్వకండి. దానికో కారణం ఉంది. ఫ్రిజ్ ఆపినవాళ్లు మళ్లీ వేయడం మరిచిపోతారు. మరిచిపోతే పాలు విరిగిపోతాయి, కూరగాయలు వడిలిపోతాయి. ఇంట్లోనే పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లు తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టుకుంటారని అమ్మకు ఎవరో ఫోన్లో చెప్పారు. బయటికి వెళ్లేటప్పుడు తాళంచెవుల కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, తెరిస్తే గుర్తుకొస్తుంది. పిచ్చుకకు తాళంచెవులు లేవు. చెప్పు ఉంది. ఒంటికాలి చెప్పుతో ఎవరు ఆడుకోడానికి వెళ్తారు?

అమ్మ పని అదే. పుస్తకం గట్టిగా చదివి రికార్డు చేస్తుంది. చూపు లేనివాళ్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, అంట్లు తోముకుంటూ కథ వినాలనుకునేవాళ్లు దాన్ని వింటారు. అంతకుముందు అమ్మ ఒక పెద్ద దుకాణంలో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివేది. ఆ దుకాణం మూసేశారు. ఐదు నెలలు పనికోసం తిరగని చోటు లేదు. ఆఖరికి పుస్తకాలు వినిపించే కంపెనీవాళ్లు ఆమె గొంతు బాగుందని ఒక లావుపాటి నవల ఇచ్చారు.

గొంతు బాగుంటే సరిపోదు, ఇల్లు కూడా నోరు మూసుకోవాలి. వాళ్లవి లేత్ షాపు మీద రెండే రెండు గదులు. కింద మిషను ఇనుమును కోస్తుంటే పైన గ్లాసుల్లో నీళ్లు వణికేవి. ఆ మిషను ఆగేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా, పనివాళ్లు భోజనం చేసేటప్పుడు. అమ్మకు దొరికేది ఆ ఒక్క గంట. బడి ఒంటిపూటే కాబట్టి పిచ్చుక కూడా అప్పటికి ఇంట్లోనే ఉండేది.

అమ్మ చెక్క బీరువా తెరిచి, వేలాడే బట్టల మధ్యకు తల దూర్చి, వెనక దుప్పటి కప్పుకుని చదివేది. బట్టలు మెత్తగా ఉంటాయి కదా, గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు. కానీ ఉక్క ప్రాణం తీసేస్తుంది. గంట తర్వాత బయటికొస్తే స్నానం చేసి వచ్చిందా అన్నట్టు ఉండేది. మీ అమ్మ బీరువాకు కథలు చెబుతోంది, బట్టలు నిద్రపోతాయేమో చూడమని తాతయ్య పిచ్చుకను నవ్వించేవాడు.

ఇంత చేసినా మొదటి అధ్యాయాలు రెండుసార్లు వెనక్కొచ్చాయి. వెనక చప్పుళ్లు వినిపిస్తున్నాయన్నారు. మూడోసారి కూడా ఇలాగే ఉంటే పుస్తకం ఇంకొకరికి ఇస్తామన్నారు. ఆ మాట విన్నాక అమ్మ బీరువాలోంచి బయటికి రాలేదు. చీరల మధ్యే తల పెట్టుకుని ఉండిపోయింది. భుజాలు కదలడం పిచ్చుక చూసింది.

అప్పుడే నోటుపుస్తకం తీసి, నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చెవులు రిక్కించింది. వినిపించిన చప్పుడల్లా ఒక కాగితం మీద రాసింది.

ఒకటి, ఫ్యాను. ఆపాలి.
రెండు, ఫ్రిజ్. ఆపాలి.
మూడు, గోడగడియారం. బ్యాటరీ తీసి ఆపాలి.
నాలుగు, వంటింటి కుళాయి చుక్కలు. దారం కట్టి, నీళ్లు దాని వెంట జారేలా చేసి ఆపాలి.
ఐదు, తాతయ్య దగ్గు. ఆపాలి.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు టేపుతో అంటించింది.

తాతయ్య అంటే నాన్నకు నాన్న. నాన్న లారీ డ్రైవరు, పది రోజులకోసారి ఇంటికి వస్తాడు. తాతయ్య ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. ఆయన కేక వేస్తే ఆఖరి సీట్లో గురక పెట్టేవాడు కూడా లేచి జేబులు తడుముకునేవాడట. ఆ గొంతుకు ఇప్పుడు దగ్గు పట్టుకుంది. అన్నం తిన్నాక మరీ ఎక్కువ. అయినా కబుర్లకు లోటు లేదు. పిచ్చుక బడి నుంచి రాగానే బస్సు కథలు మొదలు. టికెట్టు లేకుండా ఎక్కిన మేకపిల్ల కథ వందసార్లు చెప్పుంటాడు. చిన్నప్పటి నుంచీ కిచకిచలాడుతూ తనకు సమాధానాలు చెప్పేదని ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ సాయంత్రం తాతయ్య మంచినీళ్ల కోసం వచ్చి కాగితం ముందు ఆగాడు. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. పిచ్చుక పక్కనే ఉంది. ఆయన కళ్లజోడు తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అక్షరాలు గుండ్రంగా రాశావు తల్లీ" అన్నాడు.

మర్నాడు ఒంటిగంట ఇరవై కాగానే తాతయ్య తువ్వాలు, నీళ్ల సీసా పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికని పిచ్చుక అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఆ రోజు రికార్డింగు అద్దంలా వచ్చింది. ఆ వారంలో నాలుగు అధ్యాయాలు అయ్యాయి. కంపెనీవాళ్లు బాగుందన్నారు. చాలా రోజుల తర్వాత అమ్మ పిచ్చుక జడ వేస్తూ కూనిరాగం తీసింది. తన వల్లే అంతా చక్కబడిందని పిచ్చుకకు కాళ్లు నేల మీద నిలవలేదు.

రోజూ రెండున్నరకు లేత్ మిషను గర్జించగానే పిచ్చుక పరుగెత్తేది. ఫ్యాను వేసేది. ఫ్రిజ్ వేసి చెప్పు తీసుకునేది. గడియారంలో బ్యాటరీ పెట్టి ముల్లు సరిచేసేది. కుళాయి దారం విప్పేది. కాగితం మీద పెన్సిలుతో నాలుగు టిక్కులు కొట్టేది. ఐదోదానికి మళ్లీ వేయడానికి స్విచ్చేమీ లేదు కదా. తాతయ్య వచ్చినప్పుడు వస్తాడు.

రానురాను తాతయ్య మాటలు తగ్గిపోయాయి. మేకపిల్ల బస్సు ఎక్కడం మానేసింది. అన్నం పెట్టనా అంటే తల ఊపేవాడు. పిచ్చుక గమనించలేదంటే అబద్ధమవుతుంది. గమనించింది. హోంవర్కు తొందరగా అయిపోతోంది, బాగానే ఉందిలే అనుకుంది.

ఒక బుధవారం పిచ్చుక ఆడుకుని వచ్చేసరికి ఐదయింది. తాతయ్య కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డు చేసింది సరిచూసుకుంటోంది. తాతయ్యేడని అడిగితే పక్కింట్లో ఉన్నాడేమో చూడమంది. పక్కింట్లో లేడు.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కింది లేత్ షాపు మేస్త్రీ తాతయ్యను నడుం చుట్టూ చెయ్యేసి దింపుకొస్తున్నాడు. మేడ మీద నీళ్ల ట్యాంకు చూసుకోడానికి వెళ్లాడట. పై మెట్ల దగ్గర, రేకుల కింద, గోడకు ఆనుకుని తాతయ్య కనిపించాడట. ఆ రేకుల కింద పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంటుంది. సీసాలో నీళ్లు లేవు. తువ్వాలు చివర ఉండచుట్టుకుపోయి తడిసి ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా అది నోట్లో కుక్కుకున్నాడు.

అమ్మ హెడ్‌ఫోన్లు లాగేసి లేచింది. ఫ్యాను కింద పడుకోబెట్టి, చెంచాతో నీళ్లు పట్టింది. గుమ్మం ముందు మెట్ల మీదే కూర్చోక అంత పైకి ఎందుకెక్కారని అడిగింది. అక్కడ దగ్గితే తలుపు సందులోంచి వినిపిస్తుందని ఆయన మెల్లగా చెప్పాడు.

"మరి కిందికి రాలేదేం మావయ్యా? రెండున్నరకే అయిపోయిందిగా."

తాతయ్య కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"దిగుదామంటే కళ్లు తిరిగాయమ్మా. పిలుద్దామనుకున్నా. రికార్డింగు అయిందో లేదో తెలియలేదు" అన్నాడు.

పిచ్చుక వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. దాన్ని ఎవరూ మరిచిపోలేదు. దానికోసం చెప్పు ఉంది.

డాక్టరమ్మ వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి వింది. కఫం గడ్డకట్టింది, దగ్గును మింగకూడదు, దగ్గితేనే అది బయటికొస్తుంది అంది. మందులు రాసింది. ఇన్నాళ్లు ఎందుకు బిగబట్టుకున్నారని అడిగింది.

డాక్టరమ్మ వెళ్లాక అమ్మ ఫ్రిజ్ తలుపు ముందు నిలబడి ఐదో వరస చదివింది. పిచ్చుక తిట్ల కోసం ఎదురుచూసింది. నాలుగు తిట్లు పడితే బాగుండుననిపించింది. అమ్మ తిట్టలేదు.

"నేనూ చూశానే. ఆయన రోజూ తలుపు తీసుకుని వెళ్లడం చూశాను. గంటసేపే కదా అని ఊరుకున్నాను" అంది.

మూడు రోజులు రికార్డింగు లేదు. బీరువా తలుపులు మూసే ఉన్నాయి. పిచ్చుక బడి నుంచి వచ్చి తాతయ్య మంచం పక్కన కూర్చునేది. దగ్గు రాబోతుంటే ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇప్పుడు రికార్డింగు లేదు, దగ్గొచ్చు తాతయ్యా అని పిచ్చుక చెప్పింది. ఆయన తల ఊపాడు. తువ్వాలు మాత్రం తీయలేదు.

మేకపిల్ల కథ చెప్పమంది. ఎప్పటి సంగతో, ఏం గుర్తుంటుందిలే తల్లీ అన్నాడు. పోనీ నేను చెబుతానని పిచ్చుకే మొదలుపెట్టింది. మేకపిల్ల ఏ స్టాపులో ఎక్కిందో కావాలనే తప్పు చెప్పింది. తాతయ్య దిద్దలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాళ్లు వెతికిన నిశ్శబ్దం ఇప్పుడు ఇల్లంతా ఉంది. రోజంతా ఉంది. స్విచ్ వేస్తే ఫ్రిజ్ పలికింది. బ్యాటరీ పెడితే గడియారం పలికింది. తాతయ్య పలకడం లేదు. పిచ్చుక బీరువాలో దూరి, అమ్మ చీరలు మొహానికి అదుముకుని, కడుపారా ఏడ్చింది. ఎంత ఏడ్చినా బయటికి వినిపించలేదు. ఆ బీరువా అందుకే కదా మరి.

కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఇంకా మూడు అధ్యాయాలు మిగిలాయి, గడువు దాటుతోంది అన్నారు. అమ్మ ఒక్క వారం అడిగింది. చూస్తామన్నారు. చూస్తామన్నారంటే ఇవ్వరనే అర్థమని అమ్మ ఫోను పక్కన పెట్టింది. అయినా రేపు కూర్చుంటాను, ఎంతైతే అంత అంది.

మర్నాడు ఒంటిగంట ఇరవైకి పిచ్చుక కుళాయికి దారం కట్టింది. గడియారం బ్యాటరీ తీసింది. ఫ్యాను ఆపింది. చెప్పు లోపల పెట్టి ఫ్రిజ్ ఆపింది. తిరిగి చూసేసరికి తాతయ్య మంచం దిగి ఉన్నాడు. ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో నీళ్ల సీసా. తలుపు దాకా వచ్చేశాడు.

పిచ్చుక వెళ్లి గడియ పెట్టింది. తాతయ్య కుర్చీని బరబరా లాక్కొచ్చి బీరువా పక్కన వేసింది. ఆయన చేతిలో తువ్వాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, నేల మీద వేసి, దాని మీద తను కూర్చుంది.

"ఇక్కడే కూర్చో తాతయ్యా. దగ్గు వస్తే చెయ్యి ఎత్తు, అమ్మ ఆపేస్తుంది. నీ దగ్గు అయిపోయాక బస్సుకు ఏం చెప్పేవాడివో అదే అను. నువ్వు అనకపోతే కదలదు."

"ఉన్నది గంట. నా దగ్గుకే సరిపోతుంది తల్లీ" అన్నాడాయన.

"సరిపోతే సరిపోనీ."

ఆయన కోడలివైపు చూశాడు. అమ్మ అప్పటికే దుప్పటి కప్పుకుంది, కుర్చీ కనిపించేలా ఒక పక్క సందు మాత్రం వదిలింది. దుప్పటిలోంచే, కూర్చోండి మావయ్యా అంది.

కింద మిషను ఆగింది. అమ్మ చదవడం మొదలుపెట్టింది. ఒక పేజీ అయింది. రెండో పేజీ సగంలో తాతయ్య భుజాలు కదిలాయి. మొహం కందిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు మాత్రం కుర్చీని పట్టుకునే ఉన్నాయి. చెయ్యి ఎత్తడు. తువ్వాలు కోసం కళ్లతోనే వెతుక్కుంటున్నాడు.

పిచ్చుక తన చెయ్యి ఎత్తింది.

అమ్మ వాక్యం మధ్యలో ఆగిపోయింది. తాతయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇక ఆగలేదు. అడ్డం ఏమీ లేకుండా, ఛాతీ అదిరేలా, పొడుగ్గా దగ్గాడు. గడియారం ఆపేసి ఉంది కాబట్టి ఎంతసేపో ఎవరికీ తెలియదు. చాలాసేపే. అమ్మ ఫోనులో టైము చూడలేదు.

దగ్గు ఆగింది. పిచ్చుక సీసా మూత తీసిచ్చింది. ఆయన నీళ్లు తాగాడు. అయినా అమ్మ చదవలేదు. పిచ్చుక చెయ్యి దించలేదు. నొప్పి పుట్టింది. రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని మరీ అలాగే ఎత్తి ఉంచింది.

తాతయ్య ఆ చేతివైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రైట్" అన్నాడు. బొంగురుగా, పక్కన ఉన్నవాళ్లకు వినిపించేంతే.

పిచ్చుక చెయ్యి దించింది. అమ్మ వాక్యం మొదటి నుంచి అందుకుంది.

ఆ రోజు అధ్యాయంలో సగమే అయింది. కంపెనీ వాళ్లు ఇంకా ఫోను చేయలేదు. రెండున్నరకు లేత్ మిషను గర్జించింది. అమ్మ దుప్పటి తీసి చెమట తుడుచుకుంది. పిచ్చుక లేచి తాతయ్య మోకాలి మీద చెయ్యి వేసింది.

"తాతయ్యా, రికార్డింగు అయిపోయింది" అంది.

ఆ తర్వాతే చెప్పు కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది.