రోహిణి దాటేసిన వాక్యం

మధ్యాహ్నం రెండు దాటింది. అవ్వ ఇంకా బట్టలుతికే బండ మీద నుంచి లేవలేదు.

ఆ రోజు ఆదివారం. ఎండ మాడ్చేస్తోంది. అవ్వ ఒళ్లో ఫోను ఉంది. కన్నడ సీమలో బళ్లారి వైపు ఉన్న బండ్రి ఊళ్లో, వాళ్లింట్లో ఫోనుకు సిగ్నల్ అందేది ఆ బండ దగ్గర ఒక్కచోటే. లోపలికి తీసుకెళ్తే అది మూగనోము పడుతుంది. అందుకే అవ్వ పొద్దున్నే స్నానం చేసి, కొంగు నెత్తిన కప్పుకుని, అక్కడ కూర్చుంది.

అన్నం తినడానికి రమ్మని రోహిణి రెండుసార్లు పిలిచింది.

"వాడు మాట్లాడినాక తింటా పాపా. నేను లోపల ఉండేటప్పుడే చేస్తే?" అంది అవ్వ.

రోహిణి లోపలికి తిరిగి వెళ్లిపోయింది. ఫోను రాకపోవచ్చని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

రోహిణి అన్న చిదానంద నేవీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం సండూరు బస్సు వచ్చే వేళకు సైకిలుతో రోడ్డు మీద నిలబడేవాడు. బడి నుంచి వచ్చి బస్సు దిగిన రోహిణిని ఎక్కించుకుని, ఖనిజం లారీలు లేపే ఎర్ర దుమ్ములో కళ్లు సగం మూసుకుని ఇంటికి తొక్కేవాడు. ఇంటి ముందు నాయన లారీ ఆగి ఉంటే, దాని తలుపు మీది దుమ్ములో వేలితో లెక్కలు చేసి చూపించేవాడు. నేవీలో చేరాక కూడా రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఎవరు ఎవరితో పోట్లాడారో, ఏ టీచర్ ఎవరిని బెంచీ ఎక్కించారో, రోహిణి అంతా పూస గుచ్చినట్టు చెప్పేది.

తర్వాత అతణ్ని వైజాగ్‌లో, అణుశక్తితో నడిచే సబ్‌మెరైన్లలో పనిచేసే ట్రైనింగుకు ఎంపిక చేశారు. నాయన వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. అన్న మాత్రం ఫోన్లో రోహిణిని పిలిచి, ఇంటికి ఒక కాగితం వస్తుందని చెప్పాడు.

"ఈ ట్రైనింగులో ఏముంటాదో, ఇంట్లోవాళ్లు ఎట్లుండాలో అంతా దాంట్లో ఉంటాది. ఇంగ్లీషులో ఉంటాది. నువ్వే చదివి చెప్పాల, సరేనా?"

సరేనంది రోహిణి. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది ఆమె ఒక్కతే. నాయనకు కన్నడ వరకు వచ్చు. అమ్మకూ అవ్వకూ అదీ రాదు.

కాగితం వచ్చిన రోజు ముగ్గురూ ఆమె చుట్టూ కూర్చున్నారు. రోహిణి టీచర్‌లా గొంతు సవరించుకుని, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. క్లాసులు పొద్దున ఏడింటికి మొదలవుతాయి. క్లాసులు అయ్యాక కూడా అదే బిల్డింగులో కూర్చుని చదువుకోవాలి. పుస్తకాలు బయటికి తేకూడదు. నేర్చుకున్నది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. కాబట్టి వాళ్లూ అడగకూడదు.

"అమ్మకు కూడానా?" అంది అమ్మ ఆశ్చర్యంగా.

తర్వాతి వాక్యం దగ్గర రోహిణి ఆగిపోయింది. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరనీ, కొన్ని వారాలు అసలు ఫోను రాకపోవచ్చనీ, రాకపోతే కంగారు పడవద్దనీ అక్కడ ఉంది.

కొన్ని వారాలు! అన్ని వారాలు తను ఎవరితో మాట్లాడాలి? అమ్మ ఏమో ఆశగా ఆమె మొహమే చూస్తోంది. గట్టిగా చదివితే అది నిజమైపోతుందని రోహిణికి అనిపించింది.

"ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడంట" అనేసింది.

ముగ్గురి మొహాలూ వెలిగాయి. రోహిణి కాగితం మడిచి తన జామెట్రీ బాక్సులో పెట్టేసింది. వెనక పేజీ తిప్పను కూడా తిప్పలేదు.

అది జరిగి నాలుగు ఆదివారాలైంది. ఒక్క ఆదివారమూ ఫోను మోగలేదు. మొదటివారం అమ్మ తేలిగ్గా తీసుకుంది. రెండోవారం ఆదివారం కూలిపని మానేసి ఇంట్లో ఉండిపోయింది. మూడోవారం అవ్వ బండ మీదకు చేరింది. ఎవరూ ఎక్కువగా మాట్లాడుకోవడం లేదు. బడి నుంచి వచ్చి రోహిణి ఒక మూల కూర్చుంటే, ఏం చదివావని అడిగేవాళ్లు లేరు. ఒకరోజు లారీ తలుపు మీద దుమ్ములో తన పేరు రాసింది. పక్కన అన్న పేరు రాయబోయి మానేసింది. ఇంట్లో ఇంతమంది ఉండి కూడా ఆమె ఒంటరిదైపోయింది.

నిజం చెబుదామని రోజూ అనుకునేది. మళ్లీ రేపు చెబుదామని వాయిదా వేసేది.

ఆ నాలుగో ఆదివారం, అవ్వ ఇంకా బండ మీద ఉండగానే, సాయంత్రం నాయన హులిగెప్ప లారీ దిగి తిన్నగా లోపలికి వచ్చాడు.

"రేపటి నుంచి పనికి రజా పెట్టినా. బళ్లారిలో రైలెక్కి వైజాగ్ పోతా. వాళ్ల గేటు దగ్గరన్నా నిలబడి అడుగుతా, నా కొడుకు యాడ ఉండాడని."

అమ్మ మారు మాట్లాడకుండా జొన్నరొట్టెలు మూట కట్టడం మొదలుపెట్టింది. మూట కడుతూనే ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. అది చూశాక రోహిణి ఇక ఆగలేకపోయింది. పరుగున పోయి జామెట్రీ బాక్సు తెచ్చింది.

"నాయనా, పోవద్దు. దీంట్లో ఆదివారం అని లేదు. నేనే చెప్పినా."

అమ్మ చేతిలో ముడి ఆగిపోయింది. నాయన కాసేపు ఆమె వైపే చూశాడు. కొడతాడేమో అనుకుంది రోహిణి. ఆయన కొట్టలేదు. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఉండేది ఉన్నట్టు చదువు" అన్నాడు.

రోహిణి చదివింది. కొన్ని వారాలు ఫోను రాకపోవచ్చు. రాకపోతే కంగారు పడవద్దు. నాయన ఊపిరి గట్టిగా వదిలాడు. బయట అంతా విన్న అవ్వ అప్పుడు లోపలికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది.

"రెండు ఆదివారాలు వానికి ఏమయిందోనని ఆ బండ మీద కూర్చుని ఏడ్చినా పాపా. ఈ ఒక్క మాట చెప్పింటే ఏడవకపోదును గదా."

అవ్వ అరిచి ఉంటే రోహిణికి అంత బాధ ఉండేది కాదు. రోహిణి ఏడుస్తూనే కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ ఇంకా మూడు వాక్యాలున్నాయి. అవీ గట్టిగా చదివి చెప్పింది.

ఇంటి నుంచి ఉత్తరాలు రాయవచ్చు. అవి ట్రైనింగులో ఉన్నవాళ్లకు తప్పకుండా అందుతాయి. ఇంటి సంగతులు చిన్నవైనా రాయండి, వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

"అంటే ఈ నెల రోజులూ వాడు మన ఉత్తరం కోసం చూస్తాండాడా?" అంది అమ్మ.



ఆ సాయంత్రమే ఉత్తరం మొదలైంది. మాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి. వాళ్ల ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది అలాగే రాస్తారు. అన్న కూడా అలాగే చదువుతాడు. నాయన తను నడిపే లారీకి కొత్త టైర్లు వేసిన సంగతి చెప్పాడు. అమ్మ ఎనుము ఈనిన సంగతి చెప్పింది. అవ్వ చాలాసేపు ఆలోచించింది.

"ఏం చదువుతాండావని అడగను నాయనా. ఏం తిన్నావో అది చెప్పు, చాలు. అట్ల రాయి పాపా."

చివర రోహిణి తన మాట రాసుకుంది. కాగితం సగమే చదివాననీ, అందుకే ఉత్తరం ఆలస్యమైందనీ, ఎందుకు అలా చేశానో కూడా దాచకుండా రాసింది. ఆ భాగం మిగతావాళ్లకు కూడా చదివి వినిపించింది.

మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. నాయన లారీ మీద పోయాడు. అమ్మా అవ్వా కవరు చించకుండా రోహిణి కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె బస్సు దిగి వచ్చీరాగానే సంచి కూడా దింపుకోకుండా బండ మీద కూర్చుని చదవసాగింది.

అన్న ఏమేం తిన్నాడో వరసగా రాశాడు. సాంబారు తియ్యగా ఉంటుందని తిట్టాడు. ఎనుముదూడకు పేరు పెట్టమన్నాడు. అవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాతి రెండు వాక్యాల మీద రోహిణి కళ్లు నిలిచిపోయాయి.

దసరా సెలవులకు ఇంకా పంతొమ్మిది రోజులు. ఆమె లెక్కపెట్టుకుంటోంది. ట్రైనింగుకు ముందే అన్న దసరాకు వస్తానన్నాడు; ఆ మాట బడిలో అందరికీ చెప్పింది.

"ఏమయింది? ఇంగేం రాసినాడు?" అంది అమ్మ.

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దుమ్ము ఇంటి వరకూ వచ్చింది. రోహిణి దుమ్ము అణిగేదాకా ఆగింది. ఆ రెండు వాక్యాలూ దాటేస్తే ఇద్దరికీ తెలియదు. ఇంకో పంతొమ్మిది రోజులు అందరూ సంతోషంగా ఉంటారు.

రోహిణి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"'ఒక పరీక్ష తప్పినాను, మళ్ల రాయాల, అందుకని దసరాకు రాలేను. చెప్పేదానికి భయమయింది గానీ, రోహిణి ఉత్తరం చదివినాక నేనూ దాచకూడదు అనుకున్నా.'"

 అవ్వ బండ మీద పక్కకు జరిగి, రోహిణిని దగ్గరికి లాక్కుంది.

"పోనీలే. బాగుండాడు, అది తెలిసింది" అంది. "మొదట్నుంచి ఇంగొకసారి చదువు."

రోహిణి మళ్లీ చదివింది. సాంబారు దగ్గర అవ్వ మళ్లీ నవ్వింది. ఆ రెండు వాక్యాలు రోహిణికి రెండోసారీ కష్టంగానే ఉన్నాయి. అయినా ఒక్క అక్షరం వదలకుండా చివరిదాకా చదివింది.