బోర్లా వేసిన పలకలు

పిల్లలకు ఉయ్యాలలున్నాయి, నీళ్ల ట్యాంకుంది, గేటు పక్కనే బడి ఉంది అని ఈ కాలనీని తెగ మెచ్చుకుంటున్నావు. అంతకుముందు ఇక్కడ ఏముండేదో ఒక్కరినైనా అడిగినావా? కాళ్ల కింద ఏముందో తెలుసుకోకుండా నడవడం తప్పు. కూర్చో, విను.

మార్కాపురంలో ఈ పార్కు నడకబాట మీదికి చీకటి పడితే ఎవరూ పోరు. రాళ్లు వాటంతట అవే తిరగబడతాయని చెప్తారు.

ఇది మొదట పక్క పాలెంలోని క్రైస్తవుల సమాధుల తోట. గోరీ కట్టుకునే స్తోమత లేనివాళ్లు గనిలోంచి పలకరాయి తెచ్చి, మేకుతో పేరు గీకి తలవైపు నాటేవాళ్లు. ఈస్టర్ తెల్లవారుజామున ఆ రాళ్ల దగ్గర కొవ్వొత్తులు పెట్టేవాళ్లు. కాలనీ వచ్చేటప్పుడు, ఒక్కో సమాధి మట్టినీ రాయినీ కొండ పక్క స్థలానికి చేర్చాలని పెద్దలు ఒప్పుకున్నారు. మనవాడే కదా అని ఆ పని పాలెం మేస్త్రీ యోబుకు అప్పగించినారు.

యోబు తన తల్లి మగ్దలీనమ్మ రాయిని మాత్రం భద్రంగా తీసుకపోయి కొండ పక్కన నాటినాడు. పార్కు ప్రారంభోత్సవం తొందర. మిగిలిన రాళ్లన్నీ, పేర్లు కిందికి పోయేటట్లు బోర్లా వేసి, నడకబాటకు పరిచినాడు. తవ్వుతుంటే పగిలిపోయినాయని పాలెంలో చెప్పినాడు.

"మీ అమ్మ రాయి ఒక్కటే గట్టిదా, యోబన్నా?" అన్నది కోటమ్మ. పోయిన రాళ్లలో ఆమె బిడ్డది కూడా ఉంది.

యోబు నవ్వి, బండెక్కి పోయినాడు.

ఒక పొద్దున బాటలో ఒక రాయి వెల్లకిలా పడి ఉంది. పైన పేరు... యోబు ఎవరూ చూడకముందే తిప్పేసినాడు. మరుసటి పొద్దున ఇంకొకటి. పాలెంలో తెలిస్తే తనను మనిషిగా చూడరు. అందుకే రాత్రి కాపలా కూర్చున్నాడు. ఆ తర్వాతది గేటు దగ్గర టీ దుకాణం నడిపే అబ్బాస్ అలీ నాతో చెప్పిన మాట.

"ఏంది యోబన్నా, దెయ్యాలకు వాకింగ్ నేర్పిస్తున్నావా?" అన్నాడంట అబ్బాస్, దుకాణం మూస్తూ.

"మెల్లగా, భాయ్... ఎవడో తిప్పుతున్నాడు. ఈ రోజు పట్టుకుంటా."

కరెంటు పోయింది. గాలి కూడా లేదు. బాట చివర — రాయి జరిగిన చప్పుడు.

ఇద్దరూ ఫోను లైటు వేసుకొని పోయినారు. మనిషి లేడు. ఒక రాయి వెల్లకిలా ఉంది. యోబు వంగి, మట్టి తుడిచి చూసినాడు.

"ఇది... ఇక్కడిది కాదు, భాయ్."

మగ్దలీనమ్మ. అదే పేరు, అతను మేకుతో గీకిన అక్షరాలే.

అప్పుడే బండేసుకొని కొండకు పోయినారు. నాటినచోట గుంట ఉంది — రాయి లేదు. చుట్టూ తవ్విన మట్టి లేదు.

తెల్లారినాక యోబు పాలెం ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రాళ్లు పెకలించి కొండకు మోసుకుపోయినారు. కోటమ్మ బిడ్డ రాయిని గుడ్డలో చుట్టుకొని ఎత్తుకపోయింది. మగ్దలీనమ్మ రాయి మాత్రం రాలేదు. గడ్డపార వంగింది గాని అది కదల్లేదు. చివరికి దాని చుట్టూ సిమెంటు పోసి బాట పూర్తి చేసినారు.

ఈ ఈస్టర్‌కు పాలెమంతా కొండకు పోయింది. యోబును రమ్మని ఎవరూ పిలవలేదు. అతను పార్కులో ఆ రాయి పక్కన కొవ్వొత్తి పట్టుకొని కూర్చున్నాడు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు "కొంచెం జరగండి" అంటూ, బూట్లతో అతని తల్లి పేరును తొక్కుకుంటూ పోయినారు.