పాతరలో ఎర్ర వెలుతురు

2018 ఎండాకాలం. శింగనమల అవతల ఒక పల్లెలో, నాకు టౌన్లో పరిచయమైన లింగన్న ఇంటి పెరట్లో, పట్టపగలు జరిగింది ఇది.

నాకు పాత రేడియో వాల్వులు పోగుచేసే పిచ్చి ఉంది. గాజు బుడ్డి, లోపల సన్నని తీగలు, నెత్తిన వెండి మెరుపు. వాటిని పాడించను. అనంతపురంలో మా ఇంటి అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టి చూసుకుంటాను. వాళ్ల ఊరి పాత పంచాయతీ రేడియోను తన నాయన నేలలో తవ్విన జొన్నల పాతరలో దాచి పైన బండ మూసేశాడని లింగన్న చెప్పగానే బస్సెక్కాను.

"గాజు బుడ్ల కోసరం ఇంత ఎండలో వస్తివా అన్నా? నీతో మా వదిన ఎట్లా ఏగుతాందో!" అని నవ్వాడు.

ఇద్దరం బండ జరిపాం. ముక్కిన జొన్నల వాసన గుప్పుమంది. మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. అందుకే మా వైపు ముందు లాంతరు దించి చూస్తారు. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరితే దిగకూడదు.

లింగన్న తాడుకు కట్టి లాంతరు దించాడు. వంగి చూశాను. అడుగున ఎర్రటి వెలుతురు.

"దీపం నిలిచిండాది. దిగుతా."

"అంత ఎర్రగా ఉండాదేమన్నా? రోంతసేపు ఆగు."

"వత్తి తగ్గింటుందిలే. నీకెప్పుడూ భయమే."

నిచ్చెన దిగాను. కాలికి లాంతరు తగిలింది.

ఆరిపోయి ఉంది.

వెలుతురు మూలనున్న రేడియోది. వెనక రేకు లేదు. లోపల వాల్వులు నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. దానికి వైరే లేదు. వాల్వు వెలగడానికి గాలి అక్కర్లేదు. నాకు కావాలి.

నిచ్చెన కోసం చెయ్యి చాచాను. గోడ. ఇటు తిరిగాను. గోడ... మళ్లీ గోడే. కూలబడ్డాను. పైన పళ్లెమంత ఆకాశం... చిన్నదైపోతోంది.

రేడియో గొంతు సవరించుకుంది.

"లింగన్నా... దిగప్పా... గాలి బాగుండాది..."

నా గొంతు. నా పెదాలు కదల్లేదు.

వద్దని అరవాలి. నోరు తెరిచాను... శబ్దం రాలేదు.

"వస్తాండా అన్నా!"

నిచ్చెన కిర్రుమంది.

కళ్లు తెరిచేసరికి పెరట్లో ఉన్నాను. నడుముకు తాడు. లింగన్నే కట్టాడట. అతని కూతురి కేకలకు వచ్చిన ఇరుగుపొరుగు పైనుంచి లాగారు. మళ్లీ తాడు దించేసరికి అతను పలకలేదు.

తర్వాత శవంతో పాటు రేడియోనూ పైకి తీశారు. ఒట్టి డొల్ల. చెదల మట్టి తప్ప లోపల ఒక్క వాల్వూ లేదు.

అరుగు మీద కూర్చున్న లింగన్న కూతురి దగ్గరికి పోయాను.

"నేను పిలవలేదమ్మా."

"పిలిస్తివి పెదనాయనా. నేనూ విన్నా. నాయన దిగినాక ఇంకోసారి పిలిస్తివి. 'జయంతీ, నువ్వూ రా' అని."

ఆ పిల్ల పేరు జయంతి అని నాకు అప్పుడే తెలిసింది.

లింగన్నను ఆ సాయంత్రమే వాళ్ల చేన్లో పూడ్చారు.