డాక్టరు ఆపని ఆర్డరు

ఆ వృద్ధాశ్రమంలో వరండా చివరి గదికి మంచి పేరు లేదు. మనిషి లేని గదిలో రాత్రిళ్ళు మంచం కిర్రుమంటుందని చెప్పుకునేవారు. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు... రెండు గంటలకోసారి! ఆ దెబ్బకి ఇద్దరు నర్సులు నైట్ డ్యూటీకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

వాళ్ళ బదులు నైట్ డ్యూటీకి మారిన, అక్కడే ఎప్పట్నుంచో పనిచేస్తున్న నర్సుకి భయపడే ఓపిక కూడా లేదు. పగలు ఇంట్లో చాకిరీ, రాత్రి ఇక్కడ చాకిరీ. అందరికీ మందులిచ్చి, పక్కగుడ్డలు మార్చి, కాళ్ళు గుంజుతుంటే వరండాలో కుర్చీలో కూలబడేది. మంచం కిర్రుమన్నా, దెయ్యమైతే దాని పని అది చూసుకుంటుందిలే అనుకునేది.

కానీ ఒక రాత్రి ఆ చప్పుడికి ఎందుకో లేచి వెళ్ళింది.

కిర్ర్‌ర్... ఆగింది. దిండు దులిపిన చప్పుడు. తర్వాత — చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో నడిచిన చప్పుడు.

తలుపు తోసి లైటు వేసింది. ఎవరూ లేరు. ఖాళీ మంచం మీద దిండు మాత్రం... మధ్యకి మడిచి, ఒక వారకి ఆనించి ఉంది. సాయంత్రం తానే దాన్ని తలవైపు సర్ది వెళ్ళింది.

ఒళ్ళు జలదరించింది. దిండు అలా మడిచే చెయ్యి అక్కడ ఒక్కటే ఉండేది.

పెద్దక్క!

ఆయాగా చేసేది. నర్సు కొత్తలో ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. "దిండు మడిచి వీపు వెనక ఆనించు పిల్లా. లేకపోతే వెల్లకిలా దొర్లుతారు, పుండు మళ్ళీ మొదటికొస్తుంది" అనేది. ఈ గదిలో ఉన్న హెడ్మాస్టరుగారికి పడుకుని పడుకుని నడుం కింద పుండు పడితే, రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నాడు డాక్టరు. పెద్దక్క ఒక్క రాత్రి తప్పలేదు. నువ్వు కాసేపు పడుకో అక్కా, నేను చూస్తానంటే వినేది కాదు. "డాక్టరు చెప్పింది డాక్టరే ఆపాలే. మధ్యలో మనమెవరం?"

ఒక పొద్దున డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారూ పోయారు. ఆ సంగతి ఆవిడకి చెప్పేవాళ్ళేరీ?

నర్సుకి భయం పోయి ఏడుపొచ్చింది. పోయాక కూడా నీకు కాస్త నడుం వాల్చే రాత లేదా అక్కా!

మర్నాడు డాక్టరు రౌండుకి వస్తే, తీసుకెళ్ళి చివరి గది గుమ్మంలో నిలబెట్టింది.

"హెడ్మాస్టరుగారిని ఇక తిప్పక్కర్లేదని చెప్పండి సార్."

"ఆయన పోయి చాలా రోజులైంది కదమ్మా! నిద్ర చాలట్లేదా నీకు?"

"చాలట్లేదు సార్... నాకొక్కదానికే కాదు. ఒక్కసారి గట్టిగా చెప్పండి."

డాక్టరూ అలిసిపోయే ఉన్నాడు. వాదించలేక ఖాళీ మంచం వైపు తిరిగి, "ఆయన్ని ఇక తిప్పక్కర్లేదు. ఆ ఆర్డరు ఆపేశాను" అన్నాడు. తల విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నర్సు కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించింది. వేళ అయింది... దాటింది... మంచం కిర్రుమనలేదు.

చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. చివరి గదిలోంచి... ఈడ్చుకుంటూ... మెల్లగా వరండా వెంట వస్తోంది. సరిగ్గా తన పక్కనున్న ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది.

కుర్చీ కుంగింది. చెవి పక్కనే ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు —

"అమ్మయ్య..."